ఇరవై ఆరు ముడుపులు

రెండు వేల ఇరవై మూడు ఎండాకాలంలో నేను ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు దేవుడికి కట్టిన ముడుపులు విప్పాను. దేవుడి దగ్గర కాదు, నేపాల్లో ఒక జీపు స్టాండులో. దొంగతనం అనేవాళ్ళు అనవచ్చు. ఒడిశా రాయగడలో మా రైల్వే క్వార్టర్ల దగ్గర కొన్నాళ్ళు అన్నారు కూడా. అనిపించుకోవడం నాకు కొత్త కాదు గానీ, ఆ మాట మాత్రం గట్టిగానే తగిలింది.

అసలు గొడవంతా టీవీతో మొదలైంది. నేపాల్ కొండల మధ్య ముక్తినాథ్ గుడి, నూట ఎనిమిది ధారలు, ఆ నీళ్ళు నెత్తిన పడితే మళ్ళీ జన్మ ఉండదని ఎవరో స్వామి చెప్పాడు. మా అత్త పాపాయమ్మ ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"ఒరే తిరుమలా, నాను పోకముందు ఆ నీల్లు నెత్తినేసుకోవాల్రా" అంది కొడుకుతో. తర్వాత నా వంక చూసి, "మల్లీ పుట్టి దీని సేతి సారు తినీకన్నా అదే నయం" అంది.

మా ఆయన తిరుమలరావు రైల్వేలో సిగ్నల్ టెక్నీషియన్. తల్లి మాట జవదాటడు, నా మాట జ్ఞాపకం ఉంచుకోడు. మే నెలకి సెలవు పెట్టాడు. రైల్వే పాసు మీద రాయపూర్, దుర్గ్, అక్కణ్ణుంచి నౌతన్వా దాకా రైలు. అది దిగితే సరిహద్దు దగ్గరే. అంతా తేలిగ్గా ఉందనుకున్నాం. ఆయనతో పనిచేసే శ్రీహరి అంతకు ముందు ఏడు వెళ్ళి వచ్చాడు. అతను మా ఇంట్లో టీ తాగుతూ అసలు సంగతి చెప్పాడు.

"అక్కడ మన అయిదొందలు సెల్లదు బావా. రెండొందలూ సెల్లదు. వందా, వందకి లోపలే. నీ ఫోను స్కానింగులన్నీ సరిహద్దుకి ఇవతలే. పైన కొండల్లో అంతా నోటే, ఇంకేటీ నేదు."

మా ఆయన నవ్వాడు. ఆయన జేబులో కాగితం నోటు పెట్టుకుని అప్పటికి రెండేళ్ళు. కొత్తిమీర కట్టకి కూడా ఫోనే చూపిస్తాడు. "కార్డుంది కదరా, ఏ.టీ.ఎం. నేని ఊరుంటాదేటి?" అన్నాడు. శ్రీహరి టీలో బిస్కెట్టు ముంచుకున్నాడు.

బ్యాంకులో క్యాషియరు ఒకే ఒక్క వంద నోట్ల కట్ట ఇచ్చాడు. పదివేలు. ఇంకోటి అడిగితే, "మీరొక్కరేనా యాత్రకెళ్ళేది" అన్నాడట. నా మనసు ఊరుకోలేదు. ఇంట్లో ఉన్న అయిదు వందల నోట్లు సంచిలో వేసుకుని వందల కోసం బయల్దేరాను. రాయగడ మార్కెట్లో మూడు రోజులు తిరిగాను, కొల్నార సంతకి ఆటోలో వెళ్ళాను. "ఖుచురా అచ్చి కి" అని చిల్లర అడగడం తప్ప నా నోట ఆ వారంలో వేరే ఒడియా మాటే రాలేదు. కొండ ఊళ్ళ నుంచి దిగి వచ్చే దేశియా ఆడవాళ్ళు చింతపండు గంపల పక్కన కూర్చుని, కొంగు ముడి విప్పి, నా నోటు ఎండకి పెట్టి చూసి, ఆలోచించి ఇచ్చేవారు.

ఆకుకూరల రాజులమ్మ అయితే సూటిగానే అడిగేసింది. "ఏటమ్మి, పెద్ద నోట్లన్నీ మాకిచ్చీసి వందలట్టుకుపోతన్నావు. దొంగనోట్లు గానీ మారుస్తన్నావేటి?"

"ముక్తినాథ్ వెళ్తున్నాం పిన్నీ. అక్కడ పెద్దవి చెల్లవు."

"ఓలమ్మా! అలగా. అయితే నా ముడుపొకటి అట్టుకెల్లవా?"

అదీ మొదటిది. ఆ సాయంత్రానికి కాలనీ అంతా తెలిసిపోయింది.

ముడుపు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. పసుపు గుడ్డలో డబ్బు పెట్టి, మొక్కుకుని ముడి వేస్తారు. దూర యాత్రకి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి, మా పేరు చెప్పి హుండీలో వెయ్యమంటారు. ఇచ్చినవాళ్ళు ఎంతో చెప్పరు, తీసుకున్నవాళ్ళు ఎంతని అడగరు. ముడి మాత్రం మధ్యలో ఎవరూ విప్పకూడదు. విప్పితే మొక్కు చెడుతుందని, విప్పిన చేతికి మంచి జరగదని మా వైపు గట్టి నమ్మకం. నాకు ఇరవై ఆరు వచ్చాయి. ఒక్కోదానికి దారంతో చీటీ కట్టి పేరు రాశాను. కాంట్రాక్టరు గారి భార్య పద్మప్రియ మాత్రం పట్టుగుడ్డలో కట్టి, "ఇది కాస్త పైన ఉంచు ధరణీ, నలిగిపోకుండా" అని ఇచ్చింది.

అప్పలకొండమ్మ సంగతి వేరు. మునిసిపాలిటీలో వీధులు ఊడుస్తుంది. మా వీధి కూడా ఆవిడదే. భర్త సన్యాసయ్య ఆ ముందు ఏడు చనిపోయాడు. ఒకరోజు మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి, "అమ్మా, అక్కడ ఏ నోట్లు సెల్తాయి?" అని అడిగింది. వంద దాకా అని చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయింది. వారం తర్వాత పసుపు ముడుపు తెచ్చింది.

"ఆయనకి ఆ గుడి సూడాలని ఉండీదమ్మా. టీవీలో సూసి నన్ను లేపీవోడు. ఆయన పేరే సెప్పు, నాది వద్దు."

ఇరవై ఆరు మందిలో ఏ నోట్లు చెల్లుతాయని అడిగింది ఆవిడ ఒక్కతే. అప్పుడు నాకు ఆ తేడా తట్టలేదు.

అరుగు మీద కూర్చున్న అత్త ఆవిడ వెళ్ళేదాకా ఆగింది. "దాన్ని వేరే ఎట్టే. పసుపునీల్లు జల్లి మరీ లోపలికి తే" అంది. నేను జల్లలేదు. జల్లానని చెప్పాను. ఆ ముడుపు మిగిలిన వాటితోనే సంచిలో పడుకుంది.

మే పద్నాలుగున బయల్దేరాం. సరిహద్దు దాటగానే మా ఆయన ఫోను సిగ్నల్ పోయింది. మన వందకి వాళ్ళవి నూట అరవై ఇస్తారు. చేతినిండా డబ్బు కనిపించేసరికి మా ఆయన జమీందారులా ఖర్చు పెట్టాడు. పోఖరాలో మూడో రోజు పొద్దున్న లెక్క చూస్తే సగానికి పైగా అయిపోయింది. "మిషన్‌లో తీస్తాన్లే" అని వెళ్ళాడు. మొదటి మిషన్ కార్డు తీసుకుని ఆలోచించి బయటికి తోసేసింది. రెండోదీ అంతే. విదేశాల్లో వాడుకోవాలంటే ముందు బ్యాంకు యాప్‌లో ఒక మీట నొక్కాలట. లాడ్జి వాడి వైఫైతో ఆ మీట దాకా వెళ్ళాడు. నొక్కితే ఫోనుకి నంబరు వస్తుంది, అది కొట్టమంది. ఆ నంబరు రావాల్సిన సిమ్ సరిహద్దులోనే ప్రాణం విడిచింది.

"ఇంటి దగ్గర నొక్కీసుంటే అయిపోను" అన్నాడు లాడ్జి మెట్ల మీద కూర్చుని. ఇరవై రెండేళ్ళు సిగ్నళ్ళు బాగుచేసిన మనిషి. నాకు నవ్వూ జాలీ రెండూ వచ్చాయి. తిరుగు ప్రయాణానికి సరిపడా ఉంది, ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే చాలునని లెక్క వేసి నోట్లు నా జాకెట్టులో పెట్టుకున్నాను. ఆయన కాదనలేదు.

మర్నాటికి జోమ్సోమ్, ఆ పైరోజు పొద్దున్నే జీపులో పైకి. గుడి కింద ఊళ్ళో దిగాం. అక్కణ్ణుంచి మెట్లెక్కితే అరగంట. ఎండ తెల్లగా ఉంది, గాలి మాత్రం కోస్తోంది. గుడి గోపురం మీద జెండాలు కనిపిస్తున్నాయి. అత్త చెయ్యెత్తి దణ్ణం పెట్టింది, పెట్టి అలాగే కింద కూర్చుండిపోయింది.

"తలకాయ పగిలిపోతన్నాదే" అంది. తర్వాత వాంతి. మాట మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. టీ కొట్టు ఆవిడ పరుగున వచ్చి చూసి, హిందీలో ఒకే మాట పదేపదే అంది. కిందికి, వెంటనే కిందికి.

సర్వీసు జీపు మూడింటికి గానీ కదలదు. ఒక్కటే ఖాళీ జీపు ఉంది. డ్రైవరు అత్తని చూశాడు, మమ్మల్ని చూశాడు. జోమ్సోమ్ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించి, అక్కడ కూడా గాలి పల్చబడే ఎత్తే కాబట్టి బేనీ దాకా దింపెయ్యాలన్నాడు. పద్దెనిమిది వేల నేపాలీ రూపాయలు. మన డబ్బులో పదకొండు వేల పైచిలుకు. తిరుగు దారి బస్సుల డబ్బు పోగా నా దగ్గర ఉన్నవి ముప్పై వంద నోట్లు.

మా ఆయన ఫోను తీసి చూపించాడు. ఇంటికెళ్ళగానే పంపిస్తాను, రెట్టింపు పంపిస్తాను అన్నాడు. డ్రైవరు కోప్పడలేదు. డీజిల్ పోసేవాడు ఫోను తీసుకోడు, సగం దారిలో బండి ఆగితే మీ అమ్మ ఏమవుతుందన్నాడు. మా ఆయన ఫోను పైకెత్తి పట్టుకుని సిగ్నల్ కోసం రోడ్డు మీద అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. లేదని ఆయనకీ తెలుసు. ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేని మనిషి చేసే పని అది.

నేను ముడుపుల సంచి విప్పాను.

"ధరణీ, ఒద్దు. దేవుడి సొమ్ము" అన్నాడు మా ఆయన.

అత్త నా మణికట్టు పట్టుకుంది. ఆ స్థితిలో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. "ఇప్పకే... సచ్చినా పర్నేదు... ఇప్పకే" అంది.

కాపురానికొచ్చిన పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఎదురుగా ఆవిడ మాట కాదనడం అదే మొదటిసారి. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, ఆవిడ చెయ్యి ఆవిడ ఒళ్ళో పెట్టాను. నాకు భయం వెయ్యలేదని చెప్పను. మొదటి ముడి పళ్ళతో లాగాల్సి వచ్చింది.

పట్టుగుడ్డలో రెండు అయిదు వందలు. పక్కన పెట్టాను. స్టేషను మాస్టారి భార్యది అయిదు వందలు. లైన్‌మన్ ఇంటిది, టీచరమ్మది, అన్నీ కొత్త కొత్త అయిదు వందలు, రెండు వందలు. అక్కడ అవి రంగుకాగితాలు. కొన్నింటిలో నాణేలు, అవీ ఎవరికీ అక్కర్లేదు. రాజులమ్మది విప్పితే పదులు, ఇరవైలు, వాటికి కొత్తిమీర వాసన. టీ బండి వాడిది, చెప్పులు కుట్టే అతనిది, ఇడ్లీలమ్మే అవ్వది, రోజూ చిల్లరతో బతికేవాళ్ళ ముడుపులన్నీ చెల్లే నోట్లే. అయినా చాలలేదు. ఇంకా మూడు వేలు కావాలి.

ఆఖరిది అప్పలకొండమ్మది. ముప్పై రెండు వందలు. అన్నీ వంద నోట్లే, ఒకే వైపు తిప్పి మడిచినవి. ఒకటి చిరిగితే టేపు అంటించి ఉంది.

డ్రైవరు నోట్లు తీసుకుని, లెక్క పెట్టకుండా చొక్కాలో కుక్కుకుని, అత్తని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాడు. గుడి జెండాలు అద్దంలో కాసేపు కనిపించాయి.

జోమ్సోమ్‌లో రెండు గంటలు ఆక్సిజన్ పెట్టారు. డ్రైవరు బయట బండిలోనే ఉన్నాడు. కిందికి దిగుతున్న కొద్దీ అత్త పెదవుల రంగు తిరిగింది. బేనీ చేరి టీ అడిగింది. టీలో పంచదార తక్కువైందని కూడా అంది. అప్పుడు నేను జీపు వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

తిరుగు ప్రయాణమంతా అత్త నాతో మాట్లాడలేదు. రాయగడ వచ్చాక కూడా అంతే. కావాల్సింది కొడుకుని అడిగేది. పాపం చేసిన చేత్తో వండింది తింటున్నాననే కోపమేమో అనుకున్నాను. మా ఆయన బ్యాంకుకి వెళ్ళి పదివేలకి వందలే అడిగి తెచ్చాడు. వాటిని నా చేతికిచ్చి, "నువ్వే ఇచ్చిరా, నాకు మొహం సెల్లదు" అన్నాడు.

ముందు చెల్లని నోట్ల ఇళ్ళకి వెళ్ళాను. వాళ్ళవి వాళ్ళకి మళ్ళీ గుడ్డలో కట్టి ఇవ్వడమే కదా, తేలికనుకున్నాను. పద్మప్రియ పట్టుగుడ్డ తీసుకుని మొహం ముడుచుకుంది.

"వాడుకోనప్పుడు ఎందుకు విప్పేవు?"

"విప్పితే గానీ వాడుకోవచ్చో లేదో తెలీదు కదా వదినా."

"అంటే అందరివీ సూసీసేవన్నమాట."

అప్పుడు అర్థమైంది. దేవుడి డబ్బు వాడినందుకు కాదు, ఎవరెంత కట్టారో నా కళ్ళలో పడినందుకు ఆ కోపం. ముడుపులో వెయ్యి ఉంచిన ఆవిడ కాలనీలో అయిదు వేలు కట్టానని చెప్పుకుందని తర్వాత తెలిసింది. దొంగతనం అన్న మాట పుట్టింది ఆ ఇంట్లోనే.

చెల్లిన నోట్లవాళ్ళు వేరే రకంగా ఇబ్బంది పెట్టారు. టీ బండి అతను నవ్వి తీసుకున్నాడు. రాజులమ్మ మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుంది.

"దేవుడికిచ్చీసింది మల్లీ తీసుకుంటామేటమ్మి? నీ దగ్గరే ఉంచు. ఎప్పుడో ఒకప్పుడు సేర్సు."

చెల్లిన నోట్లవాళ్ళలో ఎనిమిది ఇళ్ళయ్యాయి. అప్పలకొండమ్మ ఇల్లు మిగిలింది. రెండు రోజులు వాయిదా వేశాను. ఆవిడ పొద్దున్నే మా వీధి ఊడుస్తూ, "అత్తగారికి ఎలగున్నాది?" అని అడిగేది, ముడుపు ఊసు ఎత్తేది కాదు. అందరి నోటా వినే ఉంటుంది. నేను ఖర్చు పెట్టింది ఆవిడ డబ్బు కాదు, చచ్చిపోయిన మనిషి చూడాలనుకున్న గుడి. అది వందల్లో ఎలా తిరిగివ్వాలో నాకు తెలియలేదు.

ఆదివారం డబ్బు పసుపు గుడ్డలో కట్టుకుని బయల్దేరాను. గేటు తీస్తుంటే వెనక చెప్పుల చప్పుడు. అత్త.

"మీరెక్కడికి?"

ఆవిడ నాతోపాటే గేటు దాటింది. రైలు పట్టాలు దాటి, మునిసిపాలిటీ పనివాళ్ళ ఇళ్ళ వరసలోకి తిరిగాం. అత్త ఆ వరసలో కాలు పెట్టగా నేనెప్పుడూ చూడలేదు.

అప్పలకొండమ్మ గడప దగ్గర బియ్యం చెరుగుతోంది. లోపల గోడకి సన్యాసయ్య ఫొటో. నేను కూర్చోకుండానే అంతా చెప్పేశాను. ఆవిడ చేట పక్కన పెట్టి వింది.

"అన్నీ సెల్లేయేటి?" అని అడిగింది చివరికి.

"అన్నీ చెల్లాయి."

"టేపేసిందొకటి ఉండాల. అది ఇస్తే ఏటంటారో అని నాకు ఒకటే బెంగ. వేరేది దొరకనేదు."

"అదీ తీసుకున్నాడు."

"ఎవులు?"

"జీపు డ్రైవరు."

"ఆ బాబు పేరేటి?"

 ఇరవై ఆరు పేర్లు చీటీల మీద రాసుకుని దేశం దాటిన దాన్ని. అత్తని చేతుల మీద ఎత్తుకున్న మనిషి పేరు అడగలేదు.

"తుల్సీ పున్" అంది అత్త వాకిట్లోంచి. "బేనీ అవతల పల్లె. ఇద్దరు గుంటలు, ఆడపిల్లలే. పెద్దది నర్సు సదువుతన్నాది."

నేను వెనక్కి తిరిగి చూశాను. "మీకు ఊపిరే ఆడలేదు కదా అత్తా, ఎప్పుడడిగారు?"

"దార్లో. ఊపిరాడకపోతే నోరు పడిపోద్దేటి? మార్కెట్ హిందీ నాకూ ఒచ్చు."

అప్పలకొండమ్మ లోపలికి వెళ్ళి ఫొటో ముందు దీపం వెలిగించింది. సన్యాసయ్య పేరూ, తుల్సీ పేరూ పైకే చెప్పుకుంది. నేను గుడ్డ ఇవ్వబోతే తీసుకోలేదు. రాజులమ్మ మాటే అంది, దేవుడికిచ్చింది వెనక్కి రాకూడదని. గుడ్డ నా చేతిలో అలాగే ఉండిపోయింది.

అత్త చెప్పులు విడిచి, గడప దాటి వచ్చి, చాప మీద మెల్లగా కూర్చుంది. మోకాళ్ళు సర్దుకుంది.

"అది నీ దగ్గరే ఉంచీ అప్పలకొండా. వచ్చీ ఏడు నువ్వే అట్టుకెల్లి నీ సేత్తో ఎయ్యి. నాను రాను, ఆ కొండ నాకు పడదు. మా ధరణి తీసుకెల్తాది." కాస్త ఊపిరి పీల్చుకుంది. "దానికి ఇప్పాల్సినప్పుడు ఇప్పడం తెలుసు."

ఆ మాట నాతో అనలేదు. నా వంక చూడను కూడా లేదు. అప్పలకొండమ్మ గుడ్డ అందుకుంది. అత్త తాగడానికి నీళ్ళు అడిగింది.